విరిగిన వీల్ స్టడ్‌ను సొంతంగా మార్చుకోవడం ఎలా?

చక్రం విప్పుతుంటే నట్టుతో పాటు స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) కూడా తెగి చేతిలోకి వచ్చిందని, దాన్ని సొంతంగా మార్చుకోవచ్చా, లేక హబ్ (చక్రాన్ని బిగించే, దానితో పాటే తిరిగే నడిమి భాగం) మొత్తం మార్చాల్సిందేనా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎక్కువ కార్లలో సొంతంగానే మార్చుకోవచ్చు, హబ్ మార్చే అవసరం అరుదుగా వస్తుంది. పాత స్టడ్‌ను బయటికి తీయడం పెద్ద పని కాదు. అసలు జాగ్రత్త కావలసింది కొత్తదాన్ని ఎక్కించే దగ్గర. పూర్తిగా కూర్చోని స్టడ్ మీద బిగించిన నట్టు పైకి బిగువుగానే ఉంటుంది, టార్క్ రెంచ్ (పెట్టుకున్న బిగువు, అంటే టార్క్, రాగానే చప్పుడు చేసే స్పానర్) కూడా టక్కుమంటుంది, కాని కారు కొంత దూరం నడిచాక ఆ స్టడ్ మిగిలిన కాస్త మేరా లోపలికి జరిగి నట్టు వదులైపోతుంది. అందుకే ఆ ఒక్క దశ గురించి కింద కొంచెం ఎక్కువగానే రాశాను.

మొదట మీ కారుకు ఉన్నవి స్టడ్‌లేనా, కాదా అన్నది చూసుకోండి. చక్రం తీసిన తర్వాత హబ్ నుంచి మరలున్న కడ్డీలు బయటికి పొడుచుకొని ఉంటే అవి స్టడ్‌లు. హబ్‌లో మర తీసిన రంధ్రాలు మాత్రమే కనిపిస్తే మీ కారుకు వీల్ బోల్టులు ఉన్నట్టు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి, బీఎండబ్ల్యూ కార్లలో ఎక్కువగా బోల్టులే వాడతారు. బోల్టు విరిగితే హబ్ లోపల ఇరుక్కున్న ముక్కను బయటికి తీయాలి, అది వేరే పని, ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పనికిరాదు.

స్టడ్‌ను హబ్‌లో మర తిప్పి బిగించరు. దాని తల హబ్ అంచుకు వెనక వైపు ఉంటుంది. తలను ఆనుకొని ఉన్న మెడ చుట్టూ సన్నటి నిలువు గాడులు ఉంటాయి. ఆ గాడులు హబ్ రంధ్రంలో గట్టిగా దిగబడి స్టడ్ తిరగకుండా పట్టుకుంటాయి. తీసేటప్పుడు వెనక్కి నెట్టాలి, ఎక్కించేటప్పుడు ముందుకు లాగాలి. సూత్రం ఇంతే.

విరిగిన ముక్కను పారేయకండి

తెగిన ముఖాన్ని మంచి వెలుతురులో పట్టుకొని చూడండి. ఆ ముఖమంతా ఒకే రకంగా, గరుకుగా, బూడిద రంగులో మెరుస్తూ ఉండి, కడ్డీ కాస్త సన్నబడి మెలితిరిగినట్లు కనిపిస్తే అది అతిగా బిగించడం వల్లనో, తుప్పు పట్టిన నట్టును బలవంతంగా తిప్పడం వల్లనో ఒక్కసారిగా తెగింది. అప్పుడు ఆ ఒక్క స్టడ్‌ను మారిస్తే సరిపోవచ్చు. అలా కాక ముఖంలో ఒక భాగం నునుపుగా, నల్లగానో తుప్పు రంగులోనో ఉండి, దాని మీద అలలు అలలుగా వంపు గీతలు కనిపించి, మిగిలిన చిన్న భాగం మాత్రమే కొత్తగా మెరుస్తుంటే, ఆ పగులు చాలాకాలంగా పెరుగుతూ వచ్చిందని అర్థం. నట్లు వదులుగా ఉండగా కారు నడిచినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ చక్రానికి ఉన్న మిగతా స్టడ్‌లు కూడా అదే బాధ పడ్డాయి కాబట్టి, ఈ రెండో సందర్భంలో ఆ చక్రానికి ఉన్న అన్ని స్టడ్‌లనూ మార్చమని చెబుతాను. రెండు స్టడ్‌లు విరిగినప్పుడైతే ముఖం చూడనక్కరలేదు, అన్నీ మార్చండి.

ఈలోగా కారు నడపవచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంది. నాలుగు స్టడ్‌ల చక్రానికి ఒకటి పోతే కారును రోడ్డు పక్కకు తీసుకురావడానికి తప్ప నడపకండి. అయిదింటిలో ఒకటి పోతే నెమ్మదిగా దగ్గర్లోని చోటికి చేరుకోవచ్చు గాని, అది కూడా ఆ ఒక్క ప్రయాణానికే. లేని స్టడ్ మోయాల్సిన భారం దాని పక్క రెండింటి మీద పడుతుంది, తర్వాత విరిగేవి అవే.

కావలసినవి

- కొత్త స్టడ్, దానితో పాటు కొత్త వీల్ నట్టు. పాత నట్టులో మర పాడై ఉంటే కొత్త స్టడ్ మరను కూడా పాడుచేస్తుంది.
- జాకీ, కారు బరువును మోయగల స్టాండు, చక్రాలకు రెండు వైపులా అడ్డుగా పెట్టే దిమ్మలు.
- వీల్ స్పానర్, సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్. చివరిది లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు, అరువు తెచ్చుకున్నా సరే.
- బాల్ జాయింట్ ప్రెస్ గాని, బలమైన సీ క్లాంప్ గాని (రెండూ మర తిప్పి నొక్కే పనిముట్లు). రెండూ లేకపోతే సుమారు కిలోన్నర సుత్తి, ఇత్తడి కడ్డీ.
- అయిదారు మందమైన ఉక్కు వాషర్లు. వాటి రంధ్రం స్టడ్ మెడ కంటే కాస్త పెద్దదిగా, అంటే గాడులు కూడా దూరేలా ఉండాలి.
- అదే మర ఉన్న, ఒక వైపు చదునుగా ఉన్న పాత నట్టు ఒకటి. ఇది ఈ పనిలో అరిగిపోతుంది, తర్వాత చక్రానికి వాడకూడదు.
- వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, కొద్దిగా గ్రీజు, బ్రేక్ క్లీనర్, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కిపట్టే బ్రేకు భాగం) వేలాడదీయడానికి గట్టి తీగ, కళ్లను కాపాడే అద్దాలు, టార్చిలైటు.

స్టడ్ కొనేటప్పుడు నాలుగు కొలతలు కలవాలి: మర వ్యాసం, మర దూరం (ఒక మర నుంచి పక్క మరకు ఉన్న ఎడం), గాడులున్న మెడ వ్యాసం, మొత్తం పొడవు. ఎక్కువ చిన్న కార్లకు మర వ్యాసం 12 మిల్లీమీటర్లే ఉంటుంది గాని, మర దూరం మారుతుంది. టయోటా, హోండా, హ్యుందాయ్ కార్లలో సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు, సుజుకీ, నిస్సాన్ కార్లలో సాధారణంగా 1.25 ఉంటుంది. బరువైన వాహనాల్లో 14 మిల్లీమీటర్ల స్టడ్‌లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక రకం నట్టు రెండో రకం స్టడ్ మీద ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి ఆ తర్వాత ఇరుక్కుంటుంది. అక్కడ బలం ఉపయోగించినవాళ్లే కొత్త స్టడ్‌ను కొన్న రోజే పాడుచేసుకుంటారు. మెడ వ్యాసం మరీ సూక్ష్మమైన విషయం. మిల్లీమీటరులో పదో వంతు తక్కువైనా స్టడ్ రంధ్రంలో వదులుగా తిరగవచ్చు, ఎక్కువైతే హబ్ పగలవచ్చు. అందువల్ల కంటితో పోల్చి కొనడం కంటే కారు మోడల్, తయారైన సంవత్సరం, ముందు చక్రమా వెనక చక్రమా అన్నది చెప్పి, కంపెనీ పార్ట్ నంబరు ప్రకారం కొనడమే మంచిది. మామూలు బోల్టును కోసి స్టడ్‌గా వాడాలన్న ఆలోచన అసలే వద్దు. వీల్ స్టడ్‌లను సాధారణంగా 10.9 తరగతి (బలాన్ని సూచించే అంకె) ఉక్కుతో చేస్తారు, మామూలు బోల్టు ఆ లాగుడును తట్టుకోలేదు.

పని చేసే విధానం

1. కారును చదునైన, గట్టి నేల మీద నిలపండి. మాన్యువల్ గేరు అయితే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. పైకెత్తని చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. వెనక చక్రం మీద పని చేస్తుంటే తర్వాత హ్యాండ్ బ్రేక్ వదలాల్సి వస్తుంది, అప్పుడు కారును ఆపేవి ఆ దిమ్మలే. చక్రం నేల మీద ఉండగానే మిగిలిన నట్లను అరచుట్టు మేర వదులు చేయండి.

2. కంపెనీ సూచించిన చోట జాకీ పెట్టి కారును లేపి, స్టాండు మీదికి దించండి. కారును ఒకసారి చేతులతో బలంగా ఊపి చూసి, స్టాండు కదలలేదని నిర్ధారించుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు దగ్గర ఈ పని చేయకూడదు. స్టడ్‌ను వెనక్కి కొట్టేటప్పుడు, లాగేటప్పుడు కారు మీద పక్కబలం పడుతుంది.

3. చక్రం తీయండి. స్టడ్ విరగకుండా హబ్‌లోనే గిరగిర తిరుగుతూ, నట్టు ఊడిరాకపోతే చక్రమే బయటికి రాదు. అలాంటప్పుడు మిగిలిన నట్లన్నీ తీసి, ఒకరు చక్రం అంచును తమ వైపు గట్టిగా లాగిపట్టుకొని ఉండగా మరొకరు నట్టును తిప్పి చూడాలి. ఆ లాగుడుకు గాడులు కాస్త పట్టు దొరకబుచ్చుకొని నట్టు ఊడే అవకాశం ఉంది. అలా కూడా రాకపోతే నట్టును చీల్చాలి, లేదా స్టడ్ నడుమ నుంచి డ్రిల్లు వేసి తెగేదాకా పెద్దది చేసుకుంటూ పోవాలి. అల్లాయ్ చక్రమైతే ఈ పనిలో చక్రం పాడయ్యే ప్రమాదం ఎక్కువ కాబట్టి, అలవాటు లేనివారు ఇక్కడ ఆగి వర్క్‌షాపుకు అప్పగించడం మేలు.

4. డిస్క్ బ్రేకు ఉంటే క్యాలిపర్‌ను, దాన్ని పట్టుకున్న బ్రాకెట్‌తో సహా, వెనక ఉన్న రెండు పెద్ద బోల్టులు విప్పి ఒకేసారి తీయండి. ప్యాడ్లు వాటి స్థానంలోనే ఉండిపోతాయి, తిరిగి పెట్టడం తేలిక. క్యాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకండి. తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. ఆ తర్వాత డిస్క్ ఏ స్టడ్‌కు ఎదురుగా ఉందో హబ్ మీద, డిస్క్ మీద రంగుతో ఒక గుర్తు పెట్టి డిస్క్ తీయండి. కొన్ని కార్లలో డిస్క్‌ను ఒకటి రెండు చిన్న స్క్రూలు పట్టుకొని ఉంటాయి, అవి తుప్పుతో బిగుసుకుపోతాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో పట్టుపడితే తల గుండ్రమైపోతుంది, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. డిస్క్ హబ్‌కు అతుక్కుపోతే దాని ముఖం మీద మర ఉన్న రెండు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. తరచుగా అవి 8 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపోతాయి. రెండు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తూ పోతే డిస్క్ తనంతట తానే వదులవుతుంది.

   డ్రమ్ బ్రేకు అయితే హ్యాండ్ బ్రేక్ వదిలి డ్రమ్ లాగండి. లోపలి దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. బటన్ నొక్కితే పడే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక క్యాలిపర్‌ను ముట్టుకునే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, ఆ విధానం మీ కారు మాన్యువల్‌లో చూడండి. క్యాలిపర్ గాని, డ్రమ్ గాని బయట ఉన్నంతసేపూ బ్రేకు పెడల్ ఎవరూ తొక్కకుండా చూసుకోండి.

5. ఇప్పుడు టార్చి వేసి హబ్ వెనకకు చూడండి. హబ్‌ను చేతితో నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట స్టడ్ వెనక్కి రావడానికి ఖాళీ కనిపిస్తుంది. పాత ముక్క పొట్టిది కాబట్టి అది ఎక్కడైనా బయటికి వచ్చేస్తుంది, కొత్తది పూర్తి పొడవుది. అందువల్ల పాతదాన్ని తీయకముందే కొత్త స్టడ్‌ను వెనక వైపు పెట్టి, అది ఏ చోట ఏ వాలులో రంధ్రంలోకి దూరగలదో చూసుకోండి. దుమ్ము పడకుండా అడ్డుగా ఉన్న పల్చటి రేకును కాస్త వంచితే చాలాసార్లు దారి దొరుకుతుంది, పని అయ్యాక దాన్ని తిరిగి సరిచేస్తే చాలు. కొందరు స్టడ్ తలను ఒక వైపు గ్రైండర్‌తో చెక్కి దూరుస్తారు. నేనైతే ఆ పని చేయను, ఎందుకంటే ఆ తలే హబ్‌ను పట్టుకొని ఉండే ఆధారం. ఎంత తిప్పినా ఖాళీ దొరకకపోతే హబ్ విప్పాల్సిందే. అందులో బేరింగు, యాక్సిల్ నట్టు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అది ఈ వ్యాసం పరిధి దాటిన పని.

6. పాత స్టడ్ మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు ఆగండి. బాల్ జాయింట్ ప్రెస్ గాని సీ క్లాంప్ గాని ఉంటే, దాని ఒక చివరను విరిగిన ముక్క ముందు భాగం మీద, రెండో చివరను వెనక స్టడ్ తల దూరేంత పెద్ద సాకెట్ మీద ఆనించి బిగించండి. టప్పుమన్న శబ్దంతో స్టడ్ కదులుతుంది, ఆ తర్వాత తేలికగా వచ్చేస్తుంది. సుత్తితో కొట్టడం చాలామంది చేసే పనే, అలాగే బయటికి వస్తుంది కూడా. అయితే ప్రతి దెబ్బా హబ్ గుండా బేరింగు గుండ్ల మీద పడుతుంది, గుండ్లు తిరిగే దారిలో సన్నటి గుంటలు పడితే కొన్నాళ్లకు ఆ చక్రం నుంచి హోరు వినిపించడం మొదలవుతుంది. సుత్తి తప్ప మరో దారి లేకపోతే ఇత్తడి కడ్డీని అడ్డుపెట్టి, తిన్నగా, కొద్ది దెబ్బల్లో ముగించండి. చిన్న సుత్తితో యాభై సార్లు తట్టడం కంటే బరువైన సుత్తితో రెండు మూడు దెబ్బలు మంచివి. దెబ్బ పక్కకు జారితే చక్రం వేగాన్ని కొలిచే ఏబీఎస్ సెన్సరుకో, దాని తీగకో తగలకుండా చూసుకోండి. ఏ పరిస్థితుల్లోనూ హబ్‌ను మంటతో కాల్చకండి. బేరింగు గ్రీజు, సీలు, సెన్సరు అన్నీ పోతాయి.

7. ఖాళీ అయిన రంధ్రాన్ని, హబ్ వెనక వైపు స్టడ్ తల ఆనే చోటును వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. రంధ్రం గోడ మీద పాత గాడుల అచ్చు స్పష్టంగా ఉండాలి. అచ్చు అరిగి రంధ్రం నున్నగా, పెద్దదిగా కనిపిస్తే, లేదా రంధ్రం అంచున సన్నటి పగులు కనిపిస్తే ఆ హబ్ ఇక పనికిరాదు. స్టడ్ తలను హబ్‌కు వెల్డింగు చేయించే ఉపాయం కొందరు చెబుతారు. వెల్డింగు వేడికి స్టడ్ ఉక్కు బలం మారిపోతుంది, కాబట్టి ఆ మాట వినకండి.

8. కొత్త స్టడ్‌ను వెనక నుంచి దూర్చి, చేతితో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ ఉంటే దాని గాడులు పాత అచ్చులో పడినట్లు వేలికి తెలుస్తుంది. అలా పడనిచ్చి, ముందు వైపు నుంచి మూడు నాలుగు వాషర్లు ఎక్కించండి. వాషర్ల మధ్య, ఆఖరి వాషరు మీద కొంచెం గ్రీజు రాయండి, స్టడ్ మర మీద ఒక చుక్క నూనె వేయండి. పాత నట్టును చదును వైపు వాషరుకు ఆనేలా ఎక్కించండి. కోసుగా ఉన్న వైపు ఆనిస్తే అది వాషరు రంధ్రంలోకి దిగి, దాన్ని తెరుచుకుంటూ పోతుందే గాని స్టడ్‌ను తిన్నగా లాగదు.

   నట్టు తిప్పేటప్పుడు హబ్ కూడా తిరుగుతుంది. దాన్ని ఆపడానికి గేరు మీద ఆధారపడకండి. పక్కనున్న రెండు స్టడ్‌లకు నట్లు ఎక్కించి, మరలకు దెబ్బ తగలకుండా వాటి మధ్య పొడవైన ఇనుప కడ్డీని ఇరికించి, దాని చివర నేలకు ఆనేలా పెట్టండి.

   ఇప్పుడు పొడవైన రాట్చెట్‌తో, చేత్తోనే నెమ్మదిగా బిగించండి. ఎయిర్ గన్‌తో అరనిమిషంలో అయిపోతుందని తెలుసు, అయినా ఇక్కడ చెయ్యే మేలు. మొదటి చుట్లలో బరువు నిలకడగా ఉంటుంది, స్టడ్ కొంచెం కొంచెంగా వస్తుంటుంది, మధ్యమధ్యలో చిన్నగా కిర్రుమంటుంది. తల హబ్‌కు ఆనిన క్షణంలో ఆ బరువు ఒక్కసారిగా పెరిగి, రాట్చెట్ గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. ఆ తేడా చేతికి తెలియాలి, ఎయిర్ గన్ దాన్ని తెలియనివ్వదు.

   కాని ఈ ఆగడమే చాలామందిని మోసం చేస్తుంది. స్టడ్ ముందుకు వచ్చేకొద్దీ నట్టు మర చివరి దాకా పోయి, మర లేని మెడకు తగిలి ఆగిపోవచ్చు. అప్పుడు కూడా చేతికి అచ్చం అలాగే తెలుస్తుంది, తల మాత్రం వెనక ఇంకా రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకని బరువు పెరగగానే నట్టు విప్పి, ఇంకో రెండు వాషర్లు వేసి మళ్లీ బిగించి చూడండి. ఈసారి స్టడ్ మరికాస్త ముందుకు వస్తే మొదటిసారి మీరు మోసపోయినట్టే. నట్టు మరీ బరువుగా తిరుగుతూ వేడెక్కితే ఆపి విప్పండి, గ్రీజు తగ్గి ఉండవచ్చు, లేదా నట్టు మర అరిగి ఉండవచ్చు. అదే పాత నట్టుతో నాలుగైదు స్టడ్‌లు లాగాలనుకోకండి.

   స్టడ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి బిగిస్తే సులువుగా దూరుతుందని చెప్పేవారున్నారు. ఆ చలికి దాని మెడ మిల్లీమీటరులో వందో వంతు కూడా తగ్గదు. పెట్టుకుంటే నష్టమేమీ లేదు, లాభమూ పెద్దగా లేదు.

9. సరిచూడటానికి తొందరపడకండి, నాలుగు విధాలుగా చూడండి. మొదటిది, టార్చి వేసి వెనక నుంచి చూస్తే స్టడ్ తలకు, హబ్‌కు మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. పల్చటి కాగితం ముక్కను తల అంచు కింద దూర్చడానికి ప్రయత్నించండి, చుట్టూ ఎక్కడా దూరకూడదు. రెండోది, ముందు వైపు హబ్ ముఖం నుంచి స్టడ్ కొస దాకా స్కేలుతో కొలిచి, పక్క స్టడ్‌ల కొలతతో పోల్చండి. కొత్తది పొట్టిగా ఉంటే అది ఇంకా ముందుకు రావాలి. మూడోది, స్టడ్ ఏ వైపు నుంచి చూసినా నిటారుగా ఉండాలి. వాలుగా ఉంటే తల కింద తుప్పు పెచ్చు ఏదో ఇరుక్కుంది. నాలుగోది, చక్రానికి వాడబోయే కొత్త నట్టును వేళ్లతోనే మర చివరి దాకా తిప్పండి. ఎక్కడ తట్టినా మర దెబ్బతిన్నట్టే. హబ్‌ను చేత్తో తిప్పి, స్టడ్ తల వెనక దేనికీ రాసుకోవడం లేదని కూడా చూడండి.

10. పని కోసం వేసిన నూనెను, గ్రీజును స్టడ్ మర మీద నుంచి బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవండి. ఇది పట్టింపుతో చెప్పే మాట కాదు. నూనె ఉన్న మర మీద రాపిడి తగ్గుతుంది కాబట్టి అదే టార్క్‌కు స్టడ్ ఎంతో ఎక్కువగా సాగుతుంది, కంపెనీ ఇచ్చే అంకె సాధారణంగా పొడి మరకు లెక్కవేసినది. హబ్ ముఖం మీద, డిస్క్ లోపలి ముఖం మీద, చక్రం ఆనే చోట తుప్పు పెచ్చులు ఉంటే బ్రష్‌తో గీకేయండి. వాటి మీద బిగించిన చక్రం, అవి నలిగిపోగానే వదులవుతుంది. డిస్క్‌ను పాత గుర్తుకు సరిగ్గా పెట్టి, క్యాలిపర్ బ్రాకెట్ బోల్టులను మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. ఆ బోల్టులు ఒక్కసారికే పనికొచ్చేవని మాన్యువల్‌లో ఉంటే కొత్తవి వేయండి.

11. చక్రం పెట్టి నట్లన్నీ మొదట వేళ్లతో ఎక్కించండి. నట్టు ఆనే ముఖం చక్రానికి తగినది కావాలి. కోసుగా ఉండేవి, గుండ్రటి ముఖం ఉన్నవి, చదునైనవి అని మూడు రకాలు ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి వాడితే అంచు మాత్రమే ఆనుతుంది. కారులో వచ్చిన చక్రాలు తీసి వేరే అల్లాయ్ చక్రాలు వేసుకున్నవారు దీన్ని ముఖ్యంగా చూసుకోవాలి. స్టడ్ విరగడానికి అసలు కారణం ఇదే అయి ఉండవచ్చు. నట్టు కనీసం స్టడ్ వ్యాసమంత లోతు మర పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు మర దూరం 1.5 అయితే ఎనిమిది చుట్లు, 1.25 అయితే దాదాపు పది చుట్లు.

    కారును నేలకు దించి, టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లను ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. అయిదు నట్ల చక్రానికి నక్షత్రం గీసినట్లు ఒకటి విడిచి ఒకటి బిగించాలి. మొదటి విడత సగం టార్క్‌కు, రెండో విడత పూర్తి టార్క్‌కు. చిన్న, మధ్య తరహా కార్లకు సాధారణంగా 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చాలా టయోటా కార్లకు 103, చాలా హోండా కార్లకు 108. మీ కారు అంకె మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి, రెంచ్ మీద ఏ కొలమానం ఉందో కూడా చూడండి. 108 న్యూటన్ మీటర్లు అనుకొని 108 ఫుట్ పౌండ్లకు బిగిస్తే అది దాదాపు 146 న్యూటన్ మీటర్లు అవుతుంది, మీరు మార్చిన స్టడ్ మళ్లీ విరిగే దారి అదే.

12. కారు కదిలించే ముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా అనేకసార్లు తొక్కండి. క్యాలిపర్ తీసి పెట్టినప్పుడు పిస్టను వెనక్కి జరిగి ఉండవచ్చు, మొదటి తొక్కుకు బ్రేకు పడకపోతే కంగారుపడాల్సి వస్తుంది. దిమ్మలు తీసి, వీధిలో నెమ్మదిగా కొద్ది దూరం నడిపి, టకటక శబ్దం గాని, స్టీరింగు వణుకు గాని ఉందేమో గమనించండి.

13. ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదికి ఒక సన్నటి రంగు గీత గీయండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక, చక్రం చల్లబడి ఉన్నప్పుడు, అదే టార్క్‌కు రెంచ్ పెట్టి చూడండి. అన్నీ కదలకుండా టక్కుమంటే పని పూర్తయినట్టే. నట్లన్నీ సమానంగా రవ్వంత కదిలితే అది డిస్క్, చక్రం సర్దుకోవడం వల్ల జరిగింది. కొత్త స్టడ్ మీది నట్టు ఒక్కటే గీత దాటి తిరిగితే మాత్రం ఆ స్టడ్ అప్పటిదాకా పూర్తిగా కూర్చోలేదన్నమాట. దాన్ని బిగించి వదిలేయకుండా చక్రం తీసి తొమ్మిదో దశలోని పరీక్షలు మళ్లీ చేయండి, బిగించండి, మరో 50 కిలోమీటర్లకు మళ్లీ చూడండి. రెండోసారి కూడా ఆ ఒక్కటే వదులైతే రంధ్రం పట్టు పోయింది, మరో స్టడ్ కొనకుండా హబ్ మార్పించండి.